హాలోథార్న్ మఠం రాసిందెవరు

గొంతు నులుముదామా, నీళ్ళలో తోసేద్దామా అని పక్కింటి అక్కాచెల్లెళ్ళు వాదించుకోవడం గోడ అవతలి నుంచి విని, నేను పొయ్యి కెలికే ఇనుప కడ్డీ పట్టుకుని పరుగెత్తాను.

తలుపు తోసి చూద్దును కదా, చెల్లెలు కెజయా కుర్చీలో వెనక్కి వాలి ఉంది. అక్క థామసిన్ రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ బిగించి ఉంది. ఇద్దరూ నావైపు తిరిగి, పాలవాడు వచ్చినంత మామూలుగా చూశారు.

"అయ్యో పిన్నిగారూ, ఆ కడ్డీ దించండి," అంది థామసిన్. "గొంతు పట్టుకుంటే మనిషి ఇంత పొడుగు మాట మాట్లాడగలదా లేదా అని చూస్తున్నాం."

"మాట్లాడలేనే అక్కా," అంది కెజయా మెడ సవరించుకుంటూ. "‘దేవుడు నిన్ను’ దాకా వచ్చి ఆగిపోయింది. దీన్ని నీళ్ళలోకి తొయ్యాల్సిందే. పడేముందు ఎంతసేపైనా శపించుకోవచ్చు."

అలా తెలిసింది నాకు, ఊరంతా నిద్ర మానేసి చదువుతున్న ‘హాలోథార్న్ మఠం’ నవల రాసింది వీళ్ళేనని. అప్పటికే వాళ్ళు రెండో నవల మొదలుపెట్టి ఉన్నారు.

మా ఇళ్ళు కోల్మిన్‌స్టర్ పెద్ద చర్చి ప్రహరీని ఆనుకుని ఒక వరసలో ఉంటాయి. పాదిరీల వితంతువుల కోసం ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు కట్టించిన ఇళ్ళు. అద్దె లేదు. కాని ఉండనిచ్చేదీ, వెళ్ళగొట్టేదీ బిషప్పుగారే. ఫలానా వితంతువు నడవడి చర్చి మర్యాదకు తగినట్టు లేదని ఆయనకు తోస్తే చాలు, మూటాముల్లె సర్దుకోవలసిందే. థామసిన్ భర్త లగ్ ఒక చిన్న పాదిరీ, ఏనాడో జ్వరంతో పోయాడు. పెళ్ళికాని చెల్లెల్ని వెంటపెట్టుకుని ఆమె ఆ ఇంట్లో చేరింది. అలాంటి ఇంట్లో కూర్చుని, దుర్మార్గుడైన మఠాధిపతి ఒక అమాయకపు పిల్లను గోడలో పెట్టి సమాధి కట్టే కథ రాశారంటే, వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలో, తిట్టాలో నాకు తెలియలేదు. పుస్తకం మీద రచయిత పేరు లేకపోవడానికి కారణం అదే.

ఇద్దరికీ పని పంచుకోవడం బాగా కుదిరింది. దయ్యాలూ, హత్యలూ, తుఫానులూ కెజయావి. తిండీ, బట్టలూ, రాజుల తేదీలూ థామసిన్‌వి. కెజయా కథ ఉరకలు వేస్తుంటే థామసిన్ కళ్ళెం పట్టి లాగేది.

"ఇదేమిటే, ఈ ప్రభువు ఫోర్కుతో మాంసం తింటున్నాడు? మూడో హెన్రీ కాలంలో ఫోర్కులెక్కడివి? చేత్తో తినమను."

"చేతులకి రక్తం ఉంది కదక్కా. ఇప్పుడే తమ్ముణ్ణి పొడిచి వచ్చాడు."

"అయితే ముందు కడుక్కోమను. హంతకుడైతే మాత్రం శుభ్రం ఉండొద్దా?"

హాలోథార్న్ మఠం బయటికి వచ్చాక మా ఊళ్ళో పట్టపగలు కూడా ఆడవాళ్ళు పెద్ద చర్చి వెనక దారిన నడవడం మానేశారు. అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణంలో మూడు సంపుటాలకీ ఒకటే తన్నులాట. రెండో సంపుటం దొరికినామె మొదటిది దొరకని ఆమెను చూసి జాలిపడేది. మాంసం కొట్టతని భార్య, కథలో అమ్మాయి గోడలో ఉండగానే పుస్తకం తిరిగివ్వాల్సి వచ్చిందని అన్నం మానేసింది. ఫ్రెంచివాళ్ళు రేపో మాపో పడవలేసుకుని వచ్చి పడతారని మగవాళ్ళు హడలిపోతున్న రోజులవి. ఆడవాళ్ళు మాత్రం ఫ్రెంచివాళ్ళ సంగతి తర్వాత, ముందు ఆ పిల్ల గోడలోంచి బయటపడుతుందా లేదా చెప్పమనేవారు.

రాసిందెవరన్నది ఊరికి పెద్ద ప్రశ్న. ఇంత చరిత్ర తెలిసినవాడు బాగా చదువుకున్న మగవాడే అయి ఉండాలన్నారు. మఠం సంగతులు తెలుసు కాబట్టి పాదిరీయే అన్నారు. మాటలో గాంభీర్యం ఉంది కాబట్టి మన టాట్‌లీగారే అన్నారు.

ఆంబ్రోస్ టాట్‌లీగారు సెయింట్ ఆన్ చర్చి పాదిరీ. పొడగరి, వెండిజుట్టు. ఆయన ‘శుభోదయం’ అంటే చర్చిలో వాద్యం మోగినట్టు ఉండేది. అన్యాయంగా చెప్పకూడదు, ఆయన ఏనాడూ ‘నేను రాశాను’ అనలేదు. ఎవరైనా అడిగితే చిరునవ్వు నవ్వేవాడు. కళ్ళు అరమోడ్చి, "ఒక పాదిరీ అన్ని విషయాలూ ఒప్పుకోగలడా అమ్మా?" అనేవాడు. ఆ నవ్వూ ఆ మాటా చాలు. నెల తిరగకుండానే ఆయన రచయిత అయిపోయాడు. కాదని ఒక్కమాట అంటే పోయేది. ఆ ఒక్కమాట ఆయన నోట రాలేదు.

అక్కాచెల్లెళ్ళు మొదట్లో దీన్ని వినోదంగానే చూశారు. ఆయన ఒకరోజు వాళ్ళింటికే టీకి వచ్చాడు. నేనూ ఉన్నాను. థామసిన్ షాజీరా కేకు కోసి పెట్టింది.

"మిస్ కెజయా," అన్నాడాయన కేకు నములుతూ, "మీరు హాలోథార్న్ మఠం చదివారా?"

"అక్కడక్కడా చూశానండి," అంది కెజయా, సూదిలో దారం ఎక్కిస్తూ.

"భయపడ్డారా?"

"ఫోర్కుల దగ్గర కొంచెం."

ఆయనకు అర్థం కాలేదు. అయినా చెయ్యి ఊపి ముందుకు సాగాడు. "భయం పుట్టించడం ఒక విద్యండీ. దయ్యాన్ని చూపించకూడదు. తలుపు చప్పుడు వినిపించాలి, అంతే. ఆడవారి మనసు కోమలం కదా, అలాంటివి ఊహించడం దానివల్ల కాదు. అందుకే ఆడవారు ఇలాంటివి రాయలేరు. రాసినా నాలుగో పేజీలో ఏడుపొచ్చి మానేస్తారు."

"నిజమేనండి," అంది థామసిన్. "మాకు ఉల్లిపాయలు తరిగినా ఏడుపే."

"ఆ గోడ కట్టే ఘట్టం రాసినవాడు ఎంత నలిగిపోయి ఉంటాడో ఆలోచించండి!"

"నలిగే ఉంటారు," అంది కెజయా. "ఆ ఘట్టం రాసేటప్పుడు పక్కన జామ్ ఉడుకుతుంటే ఇంకానూ."

ఆయన వెళ్ళిపోయాక కెజయా చేతిలో కుట్టుపని విసిరికొట్టింది. "నా దయ్యాన్ని నాకే నేర్పుతాడా అక్కా! నా కేకు తిని!"

"కేకు నాది," అంది థామసిన్. "ఊరుకోవే. ఆయన రాశాడని జనం అనుకుంటున్నంతకాలం మనల్ని ఎవరూ అనుమానించరు. ఇల్లు నిలబడుతుంది."

ఆ మాట నిజం. కెజయా పళ్ళు నూరుకుంటూ ఊరుకుంది.

చలికాలం మొదట్లో టాట్‌లీగారి భార్య డోర్కస్, ఊరవేసిన అక్రోటు కాయల జాడీ పట్టుకుని ఒంటరిగా వచ్చింది. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. విందుల్లో ఆమెను పలకరించడం జనం తరచు మరిచిపోయేవాళ్ళు. జాడీ బల్లమీద పెట్టి, చేతి తొడుగులు విప్పి, కూర్చుంది.

"మీరిద్దరూ రాసిందే కదా అది," అంది.

థామసిన్ చేతిలో టీ కెటిల్ గాల్లోనే ఆగింది. కెజయా నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"ఏది?" అంది థామసిన్.

"గోడలోంచి జారుకుని, నేలమాళిగ గడియకి బాతు కొవ్వు రాసి, చప్పుడు కాకుండా తీసి ఆ పిల్ల పారిపోతుంది చూడండి. చదివి నేను పడీపడీ నవ్వాను. ఈ ఊళ్ళో తలుపు కిర్రుమన్నా, పిల్లాడికి దగ్గొచ్చినా, చెప్పు కరిచినా బాతు కొవ్వు రాయమనేది మీరొక్కరే, మిసెస్ లగ్. పైగా బయటపడగానే ఆ పిల్ల తలలో దుమ్ము ఎప్పుడు దులుపుకుందామా అని చూస్తుంది. మగవాడు రాస్తే నేరుగా ప్రియుడి కాళ్ళమీద పడేది."

థామసిన్ కెటిల్ దించి కుర్చీలో కూలబడింది. "మీ ఆయనకి చెప్పారా?"

"చెబితే నమ్ముతారా? ఆయన ఇప్పుడు తనే రాశానని తనే నమ్మే స్థితికి వచ్చారు. మొన్న రాత్రి భోజనం దగ్గర, ఆ గోడ ఘట్టం తనకెలా తట్టిందో నాకు చెప్పుకొచ్చారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. నేను బంగాళాదుంపలు వడ్డిస్తూ విన్నాను." ఆమె జాడీ మూత సర్దింది. "ఆయన ఆదివారం ప్రసంగాలన్నీ నేనే రాస్తాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆయనకి పడిశం పట్టి రాయలేకపోతే రాసిపెట్టాను. ఆ పడిశం ఇప్పటికీ తగ్గలేదు."

కెజయా పకపకా నవ్వింది. డోర్కస్ కూడా నవ్వింది గాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"దానికి నేనేం అనుకోలేదు. మొగుడి పని పెళ్ళాం చెయ్యడం కొత్తా? కానీ పోయిన గురువారం బిషప్పుగారింట్లో అందరి ముందూ అన్నారు, ‘మా ఆవిడకి నా నవల ఇవ్వలేదండి, పాపం, రెండు వాక్యాలు కలిపి చదివితే తలనొప్పి వస్తుంది’ అని. అందరూ నావైపు జాలిగా చూశారు. ఆయన చెడ్డవారు కాదమ్మా. పొగడ్త చూస్తే పిల్లి పాలగిన్నె చూసినట్టే. ఎవరో ఒకరు ఆ గిన్నె కాస్త వేడిగా పెడితే గాని అలవాటు పోదు."

ఆ సాయంత్రం ఆమె వెళ్ళేసరికి రెండో నవలకి ముగ్గురు రచయితలయ్యారు.

బిషప్పు స్లోమ్‌గారి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మంచి బరువైన మనిషి. మలుగు చేపలు కూరి కాల్చిన రొట్టె అంటే ప్రాణం. తిన్నాక పొట్ట మీద తట్టుకుని "దేవుడు మంచివాడు" అనేవారు. వేరేవాళ్ళు ప్రసంగిస్తుంటే హాయిగా నిద్రపోయి, చివర్లో ఉలిక్కిపడి లేచి, "సరిగ్గా అదే నేనూ అనుకుంటున్నాను" అనేవారు. ఒళ్ళో ఒక ముసలి బుల్లి కుక్క. తన పళ్ళెంలోంచే దానికీ పెట్టేవారు. ఊరందరికీ తెలిసినవే ఇవన్నీ. పెద్ద చర్చి లోపలి వ్యవహారాలు చూసే డీన్‌గారు కూడా అంతే లావు, అంతే తిండి, ఆయనకీ ఒక కుక్క. కానీ బిషప్పుకీ డీన్‌కీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. చర్చి గంట ఎవరి ఆజ్ఞతో మోగాలన్న దగ్గర మొదలైన తగాదా, కుక్కలు ఒకదాన్నొకటి కరుచుకునేదాకా వెళ్ళింది.

కొత్త నవలలో తిండిపోతు మఠాధిపతి ఒకడు కావలసి వచ్చాడు. కథానాయికను బంధించినవాడు కాదు, ఆమె మొర వినాల్సిన సమయంలో భోజనం చేస్తూ కూర్చునేవాడు.

"మలుగు చేపలు పెడదాం," అంది కెజయా మెల్లగా.

"వద్దే," అంది థామసిన్.

"పొట్ట తట్టుకోవడం కూడా."

"వద్దన్నానా! ఇల్లు పోతుందే!"

"ఎందుకు పోతుంది?" అంది డోర్కస్. ఆమె గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "రాసింది మా ఆయన కదా. ఊరంతా సాక్ష్యం."

నేను అల్లుతున్న మేజోడు జారిపోయింది.

"ఆయన ఉద్యోగం పోదూ?" అంది థామసిన్.

"పోదు. చర్చి ఒకసారి ఇచ్చాక చచ్చేదాకా ఆయనదే. పెద్ద చర్చిలో కానన్ అనే పెద్ద పాదిరీ పదవి ఒకటి ఖాళీగా ఉంది, దానికోసం ఆశపడుతున్నారు. నవల రాశారన్న గొప్పతోనే బిషప్పుగారి భార్య ఆయన పేరు చెబుతోంది. అదొక్కటే రాదు. రాకపోతే నాకూ మంచిదే. ఆ కానన్‌ల ఇళ్ళలో పొయ్యి ముట్టిస్తే పొగంతా లోపలికే."

థామసిన్ ఆ రోజు ఒప్పుకోలేదు. మర్నాడూ ఒప్పుకోలేదు. ఆ తర్వాతి ఆదివారం టాట్‌లీగారు చర్చి గుమ్మంలో ఆమెను ఆపి, "మీలాంటి అమాయకులు నవలల జోలికి పోకపోవడమే మంచిది, మిసెస్ లగ్, మీకు పీడకలలొస్తాయి" అని భుజం తట్టాడు. థామసిన్ ఇంటికొచ్చి టోపీ కూడా తీయకుండా బల్ల దగ్గర కూర్చుని, "కుక్కని కూడా పెట్టవే" అంది.

నవల అచ్చయింది. ‘హాలోథార్న్ మఠం రచయిత రాసిన కొత్త నవల’ అని పత్రికలో ప్రకటన వచ్చింది. టాట్‌లీగారు ఆ ప్రకటన చూసి ఒక పూట మాత్రం తెల్లబోయాడట. సాయంత్రానికి సర్దుకుని, అడిగినవాళ్ళకి "అవును, ఎలాగో పూర్తయింది లెండి" అనేశాడు. పెద్ద అబద్ధానికి ముందు చిరునవ్వు చాలింది, ఇప్పుడు మాట కూడా కావలసి వచ్చింది.

బిషప్పుగారి భార్య ఆగస్టాగారు లండన్ నుంచి మొట్టమొదటి ప్రతి తెప్పించుకున్నారు. పెట్టె వచ్చిన రోజే అందరికీ పిలుపు. రచయితే స్వయంగా చదివి వినిపిస్తారని చెప్పారు. మేం నలుగురం వెళ్ళాం. డోర్కస్ మాతోపాటు గోడవారన ఉన్న పొడుగు సోఫాలో కూర్చుంది. మధ్యాహ్నపు వెలుగు కిటికీల్లోంచి పడుతోంది. మధ్యలో బిషప్పుగారు, ఒళ్ళో కుక్క. డీన్‌గారిని పిలవలేదు, వాళ్ళింట్లో వీళ్ళని పిలవరు కాబట్టి.

టాట్‌లీగారు లేచి నిలబడి, పేజీలు కోసే కత్తితో, ఇంకా మడతలు విడని కొత్త పుస్తకంలో మొదటి పేజీలు తానే కోశాడు. ఆయన గొంతు విప్పగానే గది గమ్మయిపోయింది. నిజం చెప్పాలి, అంత బాగా చదివేవాడు మా జిల్లాలో లేడు. తుఫాను వచ్చింది, వంతెన కూలింది, కథానాయిక గుర్రం దిగి మఠం తలుపు బాదింది. కెజయా కళ్ళు మెరిశాయి. తన వాక్యాలు ఆ గొంతులో వింటుంటే కోపం మరిచిపోయినట్టుంది.

ఆయన పేజీ తిప్పాడు.

"‘మఠాధిపతి భోజనశాలలో ఉన్నాడు. ఆయన ముందు మలుగు చేపలు కూరిన రొట్టె పొగలు కక్కుతోంది. అమ్మాయి ఆర్తనాదం ఆయన చెవిని చేరింది గాని, రొట్టె వాసన దానికన్నా ముందు చేరింది...’"

గదిలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. టాట్‌లీగారి గొంతు ఒక్కక్షణం తడబడింది. వేలు పేజీ మీద కిందికి జరుపుతూ చూసుకున్నాడు. ముందున్నది కనపడి ఉంటుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక్కడ కొంచెం... వర్ణన ఎక్కువైంది. తర్వాతి అధ్యాయానికి పోదామండి."

"వీల్లేదు!" అన్నారు ఆగస్టాగారు. "ఒక్క మాట కూడా వదలొద్దు. మీరు రాసింది మీరే వదిలేస్తారా?"

ఆయన చదివాడు. ఉరికంబం మెట్లెక్కేవాడు ప్రార్థన చదివినట్టు చదివాడు. మఠాధిపతి ఒళ్ళో కుక్కపిల్ల వచ్చింది. పళ్ళెంలోంచి దానికో ముక్క వెళ్ళింది. పొట్ట తట్టుకోవడం వచ్చింది. "‘దేవుడు మంచివాడు, అన్నాడతడు, నాలుగో ముక్క అందుకుంటూ.’" ఆ తర్వాత మఠాధిపతి నిద్రపోయాడు. లేచి, "సరిగ్గా అదే నేనూ అనుకుంటున్నాను" అన్నాడు.

ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఒకావిడ విసనకర్ర నోట్లో కుక్కుకుంది. థామసిన్ నా చెయ్యి పట్టుకుంది. మధ్యలో బిషప్పుగారి మొహం మెల్లగా కందిపోతోంది. భుజాలు కదలడం మొదలెట్టాయి.

టాట్‌లీగారు అది చూశాడు. పుస్తకం చేతిలోంచి జారింది.

"అయ్యగారూ! ఇది నేను రాయలేదు!" ఆ గొప్ప గొంతు కోడిపుంజు కూతలా చీలిపోయింది. "దేవుడి సాక్షిగా, ఒక్క అక్షరం నాది కాదు! మొదటిదీ నాది కాదు! నేను జన్మలో నవల రాయలేదు! జనం అనుకున్నారు, నేను... నేను కాదనలేదు, అంతే. ఆ పుస్తకం నాకు తెలియదు!"

బిషప్పుగారి నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. అందరం ఉరుము అనుకున్నాం. నవ్వు. కళ్ళవెంట నీళ్ళు కారేలా, కుక్క ఒళ్ళోంచి కిందికి దొర్లేలా నవ్వారాయన.

"డీన్!" అన్నారు ఆయాసపడుతూ. "అచ్చం మన డీన్! ఆగస్టా, విన్నావా? ఆ నాలుగో ముక్క! మొన్న ఆ విందులోనే కదూ! ఆ కుక్క! అబ్బ, మనిషిని నిలబెట్టి బొమ్మ గీశారు!" అని, తృప్తిగా తన పొట్ట తట్టుకున్నారు. "దేవుడు మంచివాడు."

అందరం ఒక్కసారిగా నవ్వేశాం. నవ్వకపోతే చచ్చిపోయేవాళ్ళం. బిషప్పుగారు తన మాటకే నవ్వుతున్నామనుకుని ఇంకా మురిసిపోయారు.

"ఏమయ్యా టాట్‌లీ, ఇంత మంచి ముక్క నీది కాదంటావేమిటి? నువ్వే రాసుంటే ఈ క్షణాన నిన్ను కానన్‌ని చేసేవాణ్ణి. నిజంగా నీది కాదూ?"

టాట్‌లీగారు నోరు తెరిచాడు. ఆయన మొహంలో ఆశ ఒక్కసారి వెలిగి ఆరడం నేను చూశాను. దేవుడి మీద ఒట్టు పెట్టాడు, ఇంతమంది విన్నారు. ఆయన భార్యవైపు చూశాడు. డోర్కస్ తల వంచుకోలేదు, నవ్వనూ లేదు. అలాగే చూస్తూ ఉంది.

"కాదండి," అన్నాడాయన. ఆ రోజు ఆయన అన్న మాటల్లో అది ఒక్కటే సొంత గొంతుతో అన్నది.

అప్పుడు డోర్కస్ లేచి వెళ్ళి, కిందపడ్డ పుస్తకం తీసి బల్లమీద పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. "టీ తాగండి, చల్లారిపోతోంది," అంది. మిగతా అధ్యాయం ఎవరో కుర్రలాయరు ముక్కుతో చదివి పాడుచేశాడు.

తర్వాత కొన్నాళ్ళు ఊరు టాట్‌లీగారిని కాల్చుకు తింది. ఆయన ఎదురుపడితే "ఈ శుభోదయం మీదేనా, అరువా?" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కానీ డోర్కస్ అన్నట్టు ఆయన చెడ్డవాడు కాదు. ఒక శనివారం ఆమె దగ్గరికి వచ్చి, "ప్రసంగం నేనే రాసుకుంటాను" అన్నాడట. రాసుకున్నాడు. అది బొత్తిగా బాగాలేదు. కాని ఎంత చిన్నదంటే, జనం ఇళ్ళకి చేరేసరికి మాంసం ఇంకా పొయ్యిమీదే ఉంది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన ప్రసంగాల్లో ఊరికి అంతగా నచ్చింది ఇంకోటి లేదు.

మేం గండం గడిచిందనుకున్నాం. అప్పుడు మా వీధిలోకి బిషప్పుగారి బండి వచ్చింది.

అందులోంచి ఆగస్టాగారు ఒక్కరే దిగి, నేరుగా థామసిన్ ఇంటి తలుపు తట్టారు. నేను లోపలే ఉన్నాను, డోర్కస్ కూడా. కాగితాలు దాచే వ్యవధి లేక కెజయా వాటిమీద కూర్చుంది.

ఆగస్టాగారు గది నలుమూలలా చూశారు. ఇల్లు ఖాళీ చేయించేముందు చూసే చూపులాగే అనిపించింది నాకు. కూర్చోమంటే కూర్చున్నారు. కేకు పెడితే తిన్నారు.

"మిస్ కెజయా," అన్నారు చివరికి, "మొన్న టాట్‌లీ చదువుతుంటే మీ పెదాలు కదిలాయి. ఆయన ఒక మాట వెనక, మీరు ఒక మాట ముందు."

కెజయా పాలిపోయింది. థామసిన్ లేచి నిలబడింది. "తప్పంతా నాదేనండి. మా చెల్లెలు ఏమీ... కుక్కని పెట్టమన్నది నేనే. ఇల్లు వారంలో ఖాళీ చేస్తాం. దయచేసి ఈ మిసెస్ టాట్‌లీని మాత్రం—"

"కూర్చోండి, కూర్చోండి," అన్నారు ఆగస్టాగారు. "ముప్ఫయ్యేళ్ళుగా ఆ మఠాధిపతి ఎదురుగా కూర్చుని పొద్దున్నే ఫలహారం చేస్తున్నాను. డీన్ అట! నాకు తెలియదనుకున్నారా? ఒక్క తప్పుంది, అది దిద్దుదామని వచ్చాను. పొట్ట కుడిచేత్తో తట్టుకుంటాడని రాశారు. కాదు. ఎడమ చెయ్యి. కుడిచేతిలో ఎప్పుడూ రొట్టె ఉంటుంది."

ముందుగా డోర్కస్ నవ్వింది. మెల్లగా మొదలై, అక్రోటు పెంకు పగిలినట్టు ఫెళ్ళుమంది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

ఆగస్టాగారు టోపీ నాడాలు విప్పి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇంకోటి. మీ పుస్తకాల్లో నా వయసు ఆడది ఎప్పుడూ మొదటి పేజీకి ముందే చచ్చిపోయి ఉంటుంది. లేదా నేలమాళిగలో మతిపోయి పాటలు పాడుతుంటుంది. విసుగొచ్చింది నాకు. తర్వాతి నవలలో దుర్మార్గులుగా మఠాధిపతులు వద్దు. ఒక ప్రభువు భార్యని పెట్టండి. బాగా లావుగా ఉండాలి. తెలివైంది. ముగ్గురినైనా చంపాలి."

"ఎవరినండీ?" అంది కెజయా, కాగితాల మీంచి లేస్తూ.

"ఆస్తి దావా వేసిన మేనల్లుణ్ణి. ఆవిడ వంట బాగాలేదన్నవాణ్ణి. మూడోవాణ్ణి ఆలోచించి చెబుతాను."

"విషమా, కత్తా?" అంది థామసిన్. అప్పటికే ఆమె కలం అందుకుంది.

ఆ నవల పూర్తవడానికి ఏడాది పట్టింది. వారానికోసారి ఆగస్టాగారి బండి పేద వితంతువుల క్షేమం కనుక్కోవడానికి మా వీధికి వచ్చేది, ఆమె దయాగుణాన్ని ఊరంతా మెచ్చుకునేది. లండన్ నుంచి అచ్చువేసే ఆయన ఒక్క అభ్యంతరం చెప్పాడు. ఇంత పాపిష్టి ఆడది చివర్లో శిక్ష పడకుండా బతికిపోతే పాఠకులు ఒప్పుకోరని, ఆమెను మెరుపుతోనో కొండచరియతోనో చంపితీరాలని పట్టుబట్టాడు. నలుగురు ఆడవాళ్ళు రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. కొండచరియకి కెజయా కొంత మొగ్గింది. ఆగస్టాగారు ససేమిరా అన్నారు. చివరికి థామసిన్ మధ్యేమార్గం చెప్పింది.

ఆఖరి అధ్యాయంలో ఆ ప్రభువు భార్యకి గట్టిగా జలుబు చేస్తుంది. మూడు పేజీలు తుమ్ముతుంది, పాపం. నాలుగో పేజీలో తగ్గిపోతుంది.